యాభై రూపాయల కరెంటు: ఎన్టీఆర్ జిందగీల మన బాయిల కథ

బాలానగర్ షెడ్లల్ల లేత్ మిషిన్ల మీద పనిజేసే పోరగాండ్లను మీదేవూరని అడుగుండ్రి. పాలమూరు, నల్లగొండ, మెదక్ అని చెప్తరు. ఊర్ల ఏమున్నదని అడిగితే రెండెకరాల చెల్క, ఒక పూడిన బాయి, రెండు ఎండిన బోర్లు అంటరు. బాలానగర్ సుత ఒకప్పుడు ఊరే. మూసాపేట, ఫతేనగర్, కూకట్‌పల్లి అన్నీ ఊర్లే. 1960లల్ల ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్ అసొంటి పెద్ద కంపెనీలు వచ్చినంక పొలాలు పోయి షెడ్లు లేసినయ్. ఇప్పుడు ఆ షెడ్ల పక్కపొంటి పారే నాలా నల్లగ పోయి హుస్సేన్‌సాగర్ల కలుస్తది. 1560లల్ల కుతుబ్‌షాహీల కాలంల కట్టిన చెరువు అది. దాని కింద పొలాలు పారుతుండె.

అదే హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎన్టీఆర్ ఘాట్ ఉన్నది. నందమూరి తారక రామారావు అంటే మన పిలగాండ్లకు రాముడు, కృష్ణుడు, లేకుంటే రెండు రూపాయల కిలో బియ్యం. ఆయన చచ్చిపోయి ముప్పై ఏండ్లయింది. ఇది సదివేటోళ్లల్ల చానామంది అప్పటికి పుట్టనే లేదు. గని మన బాయికాడ ఆయన ఏసిన ముద్ర ఒకటున్నది, అది ఇయ్యాల్టికీ పోలే. సిన్మాల సంగతి అందరు చెప్తరు. ఈ బాయికాడి సంగతి ఎవ్వరూ చెప్పరు. అందుకే ఆయన జిందగీని ఇయ్యాల బాయి దిక్కు నుంచి చూద్దాం.

కాలువ కింది పిలగాడు

1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరుల పుట్టిండు. అమ్మ వెంకటరామమ్మ, నాయిన లక్ష్మయ్య. ఎవుసం చేసుకునే ఇల్లు. ఆ ఊరు కృష్ణా డెల్టాల ఉన్నది. బెజవాడ కాడ కృష్ణ మీద 1855ల ఆనకట్ట కట్టిండ్రు. అప్పటిసంది ఆ ప్రాంతంల నీళ్లంటే కాలువే. సర్కారు కాలువ తవ్విచ్చింది, సర్కారే తూము కట్టింది, రైతు మడికి గండి పెట్టుకుంటే నీళ్లు ఎక్కేటివి. ఎకరానికి ఇంత అని నీటి తీరువా కట్టేటోళ్లు.

చదువు కోసం విజయవాడకు పోయిండు. ఇంట్ల ఇబ్బందులుంటే సైకిల్ మీద హోటళ్లకు పాలు పోసిండు. గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీల బీఏ చదివిండు. 1947ల మద్రాస్ సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి సబ్ రిజిస్ట్రార్ కొలువు కొట్టిండు. మూడు వారాలు కూడ చెయ్యకముందే ఆ కొలువు ఇడిశిపెట్టి మద్రాసు రైలెక్కిండు. 1949ల మనదేశం సిన్మాల చిన్న పోలీసు వేషం. 1951ల పాతాళభైరవి, 1957ల మాయాబజార్. ఆ తర్వాత కథ అందరికి ఎరుకే. దగ్గర దగ్గర మూడొందల సిన్మాలు.

ఆ నడుమ ఒక ముచ్చట యాదికుంచుకోవాలె. 1952ల రాయలసీమల కరువొచ్చింది. ఎన్టీఆర్ తోటి నటులను ఎంటబెట్టుకొని ఊరూరు తిరిగి చందాలు జమచేసిండు. కాలువ కింద పుట్టినోనికి నీళ్లు లేని నేల ఎట్లుంటదో అప్పుడు కండ్లార చూసే మోక దొరికింది.

అప్పటి మన బాయి

తెలంగాణకు కాలువలు లేవు. నిజాంసాగర్ కింద, ఇంకొన్ని ప్రాజెక్టుల కింద తప్ప పారేదంత చెరువులు, బాయిలే. చెరువు నిండితే ఆయకట్టు పారేది, దాని ఊటతోని కింది బాయిలు నిండేటివి. వడ్డెరోళ్లు గడ్డపారలతోని, తోట్లతోని తవ్విన బాయిలు ముప్పై, నలభై ఫీట్లు ఉంటుండె. గిరక మీదికెల్లి మోట, దానికి రెండెడ్లు. పొద్దుగాల మూడు గంటలకు మోట కొడితే పొద్దెక్కేదాక ఎకరం పారుడు కూడ కష్టమే. ఎద్దు అలిసిపోతే మోట ఆగేది, మోట ఆగితే బాయిల ఊట ఊరేది. ఎద్దు దమ్ము ఎంతనో బాయి దమ్ము అంత. ఆ పద్ధతిల రైతుకు బరువు ఎక్కువ, పంట తక్కువ. గని బాయి మాత్రం ఎండలే.

తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చినయ్, ఆ ఎనక కరెంటు మోటర్లు. బాయి తవ్వుడు రైతు పైసలే, మోటరు రైతు పైసలే, పైపులు రైతు పైసలే. ఆ మీద మీటరు తిరిగినంత బిల్లు. కాలువ కింది రైతు ఎకరానికి కొన్ని రూపాయల తీరువా కట్టి రెండు పంటలు తీస్తుంటే, బాయి కింది రైతు అప్పుజేసి బాయి తవ్వి బిల్లు కట్టలేక మోటరు బంద్ పెట్టుకునేటోడు. ఒకే రాష్ట్రం, ఒకే వరి. నీళ్ల ఖర్చు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో తీరు.

1983

1982 మార్చి 29న హైదరాబాద్‌ల తెలుగుదేశం పార్టీ పెట్టిండు. పాత షెవర్లే బండిని చైతన్య రథం చేసుకొని ఊరూరు తిరిగిండు. రోడ్డు పక్కనే తానం, రోడ్డు పక్కనే తిండి. తొమ్మిది నెలలకు ఎలక్షన్లు గెలిచి 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయిండు. ఆంధ్రప్రదేశ్ పుట్టినంక కాంగ్రెస్ కానోడు ఆ కుర్చీల కూసునుడు అదే మొదలు.

రెండు రూపాయల బియ్యం అందరికి యాదున్నది. దాని పక్కనే ఇంకోటున్నది. బాయికాడి మోటరుకు మీటరు లెక్క బంద్ అయి హార్స్‌పవర్ లెక్క వచ్చిన కాలం అది. ఎన్టీఆర్ సర్కారు ఆ రేటును హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు చేసింది. ఐదు హార్స్‌పవర్ మోటరుంటే ఏడాదికి 250. నెలకు 21 రూపాయల లోపే. మోటరు గంట నడిచినా అంతే, పొద్దంత నడిచినా అంతే.

దీంట్ల న్యాయం ఉన్నది. కాలువ కింది రైతుకు సర్కారు ప్రాజెక్టు కట్టిచ్చింది. బాయి కింది రైతు తన ప్రాజెక్టు తానే కట్టుకున్నడు. కరెంటన్న అగ్గువకు ఇస్తే తప్పేంది? కాలువ కింద పుట్టిన మనిషి బాయి కింది రైతుకు ఇట్ల లెక్క సమం చేసుడు చిన్న సంగతి కాదు. కరెంటోళ్లకు సుత సులువైంది. పొలాల నడుమ, గుట్టల ఎనక ఉన్న ఒక్కో మీటరు కాడికి పోయి చూసి బిల్లు రాసే తిప్పలు తప్పింది.

పట్వారీ చేతి నుంచి పహాణీ

ఇంకో ముచ్చట దీనికి జోడైంది. 1984 జనవరిల ఎన్టీఆర్ పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసిండు. ఆంధ్రల మునసబు, కరణం అన్నదే మనకాడ పటేల్, పట్వారీ. తరతరాలుగ ఒకే ఇంట్ల నడిచిన పెత్తనం. బాయి తవ్వుకునేటందుకు బ్యాంకు లోన్ కావాలన్నా, కరెంటు లైన్ కావాలన్నా ముందుగాల పహాణీ కాయితం కావాలె. అది రాసేటోడు పట్వారీ. ఆయన దయ లేకుంటే భూమి నీదే అయినా కాయితం మీద నీది కాదు. 1985ల తాలూకాలు పోయి వెయ్యికి పైగా మండలాలు వచ్చినయ్. ఆఫీసు ఎడ్లబండి దూరంలకు వచ్చింది.

ఈ రెండు కలిసినంక బాయి పెద్ద దొరల సొత్తు కాకుండ పోయింది. రెండెకరాలోడు కూడ లోన్ తీసుకొని మోటరు పెట్టిండు. తెలంగాణల బీసీ, దళిత రైతులు మొదటిసారి వరి మడి కట్టిన ఇండ్లు ఎన్నో ఉన్నయ్. ఆ ఇండ్లల్ల పిల్లలే సదువుకొని పట్నం వచ్చిండ్రు. ఎన్టీఆర్‌ను ఆంధ్రోడని తీసిపారేసేటోళ్లు ఈ సంగతి పక్కకు పెట్టొద్దు. ఆయనను దేవునిలెక్క మొక్కేటోళ్లు ఇప్పుడు చెప్పే రెండో సంగతి పక్కకు పెట్టొద్దు.

గుర్రాలను లెక్కవెట్టిండ్రు, నీళ్లను లెక్కవెట్టలే

50 రూపాయల లెక్కల మోటరు బలం ఉన్నది, నీళ్లు లేవు. మోటరు ఎన్ని గుర్రాలదో కాయితం మీద రాసిండ్రు. ఆ మోటరు కింద నుంచి ఎన్ని నీళ్లు గుంజుతదో ఎవ్వరూ రాయలే. ఇంకో గంట నడిపితే ఇంకో పైస ఖర్చు లేనప్పుడు ఎవడు బంద్ పెడ్తడు? కరెంటు ఎప్పుడొస్తదో తెల్వదు కాబట్టి రైతు స్విచ్ ఆన్‌ల పెట్టి ఇంటికి పోయిండు. తర్వాత ఆటో స్టార్టర్లు వచ్చినయ్. అర్ధరాత్రి కరెంటొస్తే మోటరు దానంతట అదే లేసేది, మడి నిండినా పారేది. ఊరంత ఒక్కపారి మోటర్లు లేస్తే వోల్టేజ్ పడిపోయేది, మోటర్లు కాలేటివి, ట్రాన్స్‌ఫార్మర్ పేలేది. వైండింగ్ దుకాణాలకు గిరాకి మాత్రం తగ్గలే.

దీనికి మన నేల తోడైంది. తెలంగాణల ఎక్కువ భాగం కింద గ్రానైట్ రాయి. పైన కొంత మట్టి, ఆ కింద మెత్తబడ్డ రాయి, ఆ కింద గట్టి బండ. నీళ్లు నిలిచేది ఆ మెత్త రాయిల, బండ పగుళ్లల్ల. గంగా మైదానం లెక్క కింద ఇసుక పొరల నిండ నీళ్లు ఉండయ్. పడ్డ వానల కొద్ది భాగమే కిందికి దిగుతది. మోట బాయి ఆ మెత్త రాయి నీళ్లనే తాగేది, వానకాలం మళ్ల నిండేది. మోటర్లు ఎక్కువైనంక అది ఖాళీ అయింది. బాయిలనే బోరేసిండ్రు. అది ఎండినంక బాయి బయట బోరేసిండ్రు. వంద ఫీట్లు, రెండొందలు, ఐదొందలు. కొబ్బరికాయ చేతుల పట్టుకొని పాయింట్ చూసేటోడు ఒక దిక్కు, రాత్రంత మోగే బోరు బండి ఇంకో దిక్కు. ఇంచున్నర పడితే పండుగ, దుమ్ము లేస్తే అప్పు.

చట్టం కూడ ఇట్లనే ఉండె. ఎవని భూమి కింది నీళ్లు వానియే అన్నది బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన పద్ధతి. గని నీళ్లకు గెట్టు లేదు. నేను గుంజకపోతే పక్కోడు గుంజుతడు. నా బోరు రెండొందలుంటే ఆయన మూడొందలు ఏస్తడు. అట్ల ఒకని బోరు ఇంకొకని బోరును చంపింది. నల్లగొండ జిల్లా ముషంపల్లిల మనుషుల కంటే బోర్లే ఎక్కువైనయని 2000ల తర్వాత దేశమంత రాసిండ్రు. ఆ జిల్లాలనే లోతు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై బొక్కలు వంగినయ్.

యాభై రూపాయల కరెంటు ఒక్కటే దీనికంత కారణం అనొద్దు. అగ్గువ మోటర్లు, వరికే ఉన్న గ్యారంటీ ధర, మరమ్మతు లేక తెగిన చెరువులు అన్నీ కలిసినయ్. గని నీళ్ల లెక్క లేని కరెంటు ఈ మంటల నూనె పోసింది. అది అబద్ధం కాదు.

నల్లగొండ గెలుపు, కల్వకుర్తి ఓటమి

ఎన్టీఆర్ రాజకీయం కూడ మెల్లగ మెట్ట నేలకే వచ్చింది. 1984 ఆగస్టుల నాదెండ్ల భాస్కరరావు కుర్చీ గుంజుకుంటే జనం రోడ్ల మీదికి వచ్చిండ్రు. నెల దాటంగనే సెప్టెంబర్ 16న మళ్ల ముఖ్యమంత్రి అయిండు. 1985 ఎలక్షన్లల్ల గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడు జాగల నిలబడి మూడు గెలిచిండు. కాలువ కింది గుడివాడను, మన నల్లగొండను ఇడిశి బోర్ల మీద బతికే హిందూపురంను ఉంచుకున్నడు.

1989ల హిందూపురంతో పాటు పాలమూరు జిల్లా కల్వకుర్తిల నిలబడ్డడు. ఆడ కాలువ లేదు, పెద్ద చెరువు లేదు. బాయిలు ఎండి జనం బొంబాయికి, పట్నానికి బతుకబోయిన నేల. యాభై రూపాయల కరెంటు ఇచ్చిన మనిషిని ఆ నేల ఓడగొట్టింది. కాంగ్రెస్ తరుపున చిత్తరంజన్‌దాస్ గెలిచిండు, రాష్ట్రంల సర్కారు కూడ పోయింది. ఆ ఓటమికి కులాలు, పార్టీలు, ఏడేండ్ల పాలన మీద కోపం, చానా కారణాలున్నయ్. గని ఒకటి మాత్రం నిజం. ఎండిన బాయికి అగ్గువ కరెంటు ఏం పనికొస్తది? వైరుల కరెంటుండి బాయిల నీళ్లు లేకుంటే 50 రూపాయలైనా, ఫుకట్ అయినా ఒక్కటే.

ఆఖరి దినాలు

1994 డిసెంబర్‌ల మళ్ల గెలిచిండు. అప్పుడు కూడ రెండు రూపాయల బియ్యం, సారా, బ్రాందీ బంద్, హార్స్‌పవర్‌కు 50 రూపాయల కరెంటు అని మాటిచ్చే ఓట్లడిగిండు. తొమ్మిది నెలలు కూడ కాకముందే, 1995 ఆగస్టుల, ఇంటోళ్లే ఎదురు తిరిగిండ్రు, కుర్చీ పోయింది. 1996 జనవరి 18న పొద్దుగాల హైదరాబాద్‌ల ఇంట్లనే గుండె ఆగి చనిపోయిండు. 72 ఏండ్లు.

ఆయన పోయినంక రేట్లు పెరిగినయ్. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల మీద బషీర్‌బాగ్ కాడ లొల్లి అయితే పోలీసులు కాల్పులు జరిపిండ్రు, ముగ్గురు చనిపోయిండ్రు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయినప్పుడు మొదటి సంతకం ఉచిత కరెంటు మీదనే పెట్టిండు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణల 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. ఇయ్యాల మన రాష్ట్రంల 25 లక్షలకు పైగా ఎవుసం కనెక్షన్లున్నయ్. పార్టీలు మారినయ్, రంగులు మారినయ్. 1983ల ఎన్టీఆర్ గీసిన గీత మీదనే అందరు నడిచిండ్రు. ఒకడు 50 అన్నడు, ఇంకొకడు సున్నా అన్నడు. కింద నీళ్లెన్ని అని మాత్రం ఎవ్వరూ అడగలే.

అడిగిన జాగలు కొన్ని ఉన్నయ్. 2002ల నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది, దాన్నే వాల్టా అంటరు. బోరేసే ముందు పర్మిషన్ కావాలని అందుల ఉన్నది. అది ఎంతమంది పాటిస్తున్నరో ఊర్లల్ల ఉన్నోళ్లకు చెప్పాల్సిన పని లేదు. 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు సర్కారే ఆటో స్టార్టర్లు తీసెయ్యుండ్రని రైతులను బతిమాలింది. మంచి పని మాత్రం రైతులే చేసి చూపెట్టిండ్రు. 2003 నుంచి కొన్నేండ్లు మహబూబ్‌నగర్, నల్లగొండతో పాటు ఏడు కరువు జిల్లాలల్ల వందల ఊర్లల్ల రైతులు తమ బోర్ల నీళ్ల మట్టం తామే కొలిచిండ్రు. ఊర్ల వాన ఎంత పడ్డదో డబ్బాతోని లెక్కవెట్టిండ్రు. యాసంగి ముందర ఊరంత కూసొని ఇన్ని నీళ్లున్నయ్, ఇంత వరి పడితే సరిపోవు, ఆరుతడి పంటలు ఇంత పెట్టాలె అని బడ్జెట్ రాసుకున్నరు. ఎవ్వరూ జుర్మానా ఏయలే, ఎవ్వరూ మీటర్ పెట్టలే. లెక్క తెలిసినంక వరి తగ్గించిన రైతులు చానామంది ఉన్నరు.

మన వంతు

ఎన్టీఆర్ చేసిన పనిల సగం న్యాయం ఉన్నది. కాలువ రైతుకు ఇచ్చిన సాయం బాయి రైతుకు కూడ ఇయ్యాలె అన్నది ఆ సగం. దాన్ని ఇడిశిపెట్టొద్దు. మోటర్లకు మీటర్లు పెడితే అన్నీ సరైతయ్ అని చెప్పేటోళ్లు ముందుగాల ప్రాజెక్టుల కింది నీళ్లకు కూడ అదే లెక్క పెట్టమనుండ్రి. పెట్టరు. బాయి కింది రైతు అప్పటికే తన పైసలు మన్నుల పోసిండు. ఆయన మీదనే మళ్ల బరువు ఎయ్యొద్దు.

మిగిలిన సగం మన చేతులల్ల ఉన్నది. కరెంటు లెక్క సర్కారుది, నీళ్ల లెక్క ఊరిది. మీ చేతుల ఫోనున్నది. ఊర్ల ఎన్ని బోర్లున్నయ్, ఎన్ని ఎండినయ్, ఒక్కోటి ఎన్ని ఫీట్లు, ఎన్ని ఇంచులు పోస్తున్నదో పదిమంది కూసొని రాసుకుంటే వారం పని. బోరుల తాడు ఇడిశి నీళ్లు ఎన్ని ఫీట్ల మీద తగులుతున్నయో నెలకోసారి రాసుకుంటే ఏడాదికి ఊరి నీళ్ల కథ మీ కండ్ల ముందే ఉంటది. వానకాలం అయిపోంగనే ఆ కాయితం గ్రామ పంచాయతి కాడ పెట్టుండ్రి. ఈ యాసంగి ఎంత వరి, ఎంత పల్లి, ఎంత కూరగాయ అన్నది ఆ కాయితం చూసి ఊరే తేల్చుకుంటది. కొత్త బోరు ఏసే ముందు పక్కోని బోరు ఎంత దూరంల ఉన్నదో చూడుండ్రి. పాత మోట బాయి ఉంటే చెత్తతోని పూడ్చకుండ్రి. చెల్కల పారే వాన నీళ్లను దాంట్లకు మలిపితే అదే మీ ఇంకుడు గుంత. ఆటో స్టార్టర్ ఉంటే ఇయ్యాలనే ఇప్పుండ్రి.

మన ఊర్లల్ల బోరున్న రైతు కూడ ఇంకా బాయికాడికి పోతున్న అనే చెప్తడు. బాయి పూడి ఇరువై ఏండ్లయినా ఆ మాట పోలే. ఆ మాటల నీళ్లు మిగలాలంటే ఈ తరం లెక్క రాయాలె.